పాత కార్ల నాటు మరమ్మతులు: ఇందూరు, బోధన్ చెరకు సీమ

కంపెనీ విడిభాగం దొరకనప్పుడు, దొరికినా దాని కోసం పది రోజులు బండిని నిలబెట్టుకోలేనప్పుడు, చేతికందిన సామానుతో కారును మళ్లీ రోడ్డెక్కించే పనే నాటు మరమ్మతు. తెలంగాణ షెడ్లలో దీన్ని జుగాడు అంటారు. రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేయడం దగ్గర మొదలై, అరిగిన బుష్‌కు బదులు లేత్ మిషన్ మీద కొత్తది తిప్పించడం, ఒక కంపెనీ కారు బానెట్ కింద ఇంకో కంపెనీ ఇంజన్ కూర్చోబెట్టడం దాకా ఇది విస్తరించింది. ఇందూరు అని కూడా పిలిచే నిజామాబాద్ పట్టణం, దానికి పడమట పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని బోధన్, చుట్టూ నిజాంసాగర్ నీటితో ఎదిగిన చెరకు పల్లెలు ఈ విద్యను గమనించడానికి తగిన చోటు. దేశమంతటా విడిభాగాల కరువు నడిచిన దశాబ్దాల్లో ఇక్కడ బండ్ల అవసరం మాత్రం తగ్గలేదు. పక్కనే పెద్ద చక్కెర మిల్లు ఉండటంతో ఇనుమును కోసి, అతికి, తిప్పగలిగే చేతులకూ లోటు రాలేదు. అన్నిటికన్నా విశేషం, ఈ నేలలో పండే పసుపు, చెరకు రెండూ పాత కార్ల వైద్యంలో మందులుగా చేరడం.

ఏది పాత కారు

బ్రిటిష్ లెక్క ప్రకారం 1918 చివరి దాకా తయారైన కార్లు వెటరన్, 1919 నుంచి 1930 దాకా వచ్చినవి వింటేజ్. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లు నిండితే చాలంటుంది. మన కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నిబంధనలు మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలనే వింటేజ్‌గా గుర్తిస్తాయి.

బ్రిటిష్ లెక్కకు నిలిచే కార్లు పాత హైదరాబాద్ రాజ్యంలో రాజుల, జాగీర్దార్ల ఇళ్లలో ఉండేవి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. అటువంటి బండికి నాటు వైద్యం అవసరం పడదు. ఇందూరు, బోధన్ రోడ్ల మీద నలిగినవి వేరు: అంబాసిడర్, ఫియట్ పేరుతోనే అందరూ పిలిచిన ప్రీమియర్ పద్మిని, విల్లీస్ నమూనా మహీంద్రా జీపు, అరుదుగా స్టాండర్డ్ హెరాల్డ్. ఈ వ్యాసం ఎక్కువగా వీటి గురించే.

నీరు, చెరకు, రోడ్డు

మంజీర నది మీద అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. సుమారు 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. ఆ నీటి భరోసాతోనే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ పెరిగిన ఊరే శక్కర్‌నగర్. ఒక దశలో ఆసియాలోనే అతిపెద్ద చక్కెర కర్మాగారంగా దానికి పేరుండేది.

చెరకు కొట్టిన తర్వాత ఎక్కువసేపు ఆగదు. కోత నుంచి గానుగకు చేరేలోపు గంటలు గడిచేకొద్దీ రసంలో చక్కెర శాతం పడిపోతుంది. అందుకే ఎడ్లబండి, టైరు బండి, లారీ, ట్రాక్టరు, అధికారుల జీపు, పొలాలు చూసొచ్చే ఫీల్డు సిబ్బంది మోటారు సైకిల్ దాకా సీజన్‌లో ఏదీ ఆగిపోవడానికి వీల్లేదు. నవంబరు ప్రాంతంలో మొదలై వేసవి ముందు దాకా నడిచే క్రషింగ్ రోజుల్లో ఆగిన బండిని అప్పటికప్పుడు కదిలించడమే ముఖ్యం. నిదానంగా చేసే పని ఆఫ్ సీజన్‌కు వాయిదా పడుతుంది.

ఏ చక్కెర మిల్లుకైనా సొంత వర్క్‌షాపు తప్పనిసరి. గానుగ రోలర్లు, వాటి ఇత్తడి బేరింగులు, పంపుల షాఫ్టులు, బాయిలర్ గొట్టాలు ఏటా విప్పి చూడాల్సిందే. టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, అచ్చుపోత పనివాళ్లు అక్కడ చేయి తిప్పుకుంటారు. కారులోని చిన్న బుష్, మిల్లులోని పెద్ద బేరింగు కొలతల్లోనే వేరు, పని తీరు ఒకటే. రాజ్యం మొత్తం మీద కూడా ఆ కాలం యంత్రవిద్యకు ఊపునిచ్చింది. నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. 1942లో హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్, 1943లో ప్రాగా టూల్స్ వచ్చాయి. ఆల్విన్ బస్సు బాడీలు కట్టింది. రేకు వంచే చేతులు, కొలత పట్టే చేతులు తయారైంది ఇలాంటి చోట్లనే.

విడిభాగాల కరువు

మొదటి పెద్ద పరీక్ష రెండో ప్రపంచ యుద్ధం. పెట్రోలుకు రేషన్ రావడంతో దేశమంతటా బస్సులకు, కార్లకు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించారు. తెలుగు పల్లెల్లో పెద్దవాళ్లు చాలాకాలం చెప్పుకున్న బొగ్గు బస్సు అదే. ఇనుప డ్రమ్ములో కట్టెబొగ్గును చాలీచాలని గాలితో కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్, కొంత హైడ్రోజన్ కలిసిన వాయువు వస్తుంది. దాన్ని చల్లార్చి, బూడిద వడకట్టి ఇంజన్‌లోకి పంపిస్తారు. పొద్దున్నే క్లీనర్ బ్లోయర్ చక్రం తిప్పుతూ నిప్పు రాజేస్తే తప్ప బండి కదిలేది కాదు. శక్తి బాగా పడిపోయేది. ఎత్తు ఎక్కేటప్పుడు ప్రయాణికులు దిగి నడవడం మామూలే. గాలి ఆడని షెడ్డులో ఆ పొయ్యి వెలిగిస్తే ప్రాణానికే ముప్పు. అయినా యుద్ధకాలంలో రవాణాను నిలబెట్టింది ఆ పొయ్యే.

యుద్ధం తర్వాత ఇంకో మలుపు. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో, ఫోర్డ్ 1926 నుంచి మన దేశంలో విదేశీ భాగాలు తెచ్చి కార్లు బిగించేవి. దేశంలోనే భాగాలు తయారు చేసే ప్రణాళిక ఉన్నవాళ్లకే అనుమతి ఉండాలని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేయడంతో ఆ రెండూ దుకాణం కట్టేశాయి. అప్పటిదాకా కొన్న షెవర్లే, ఫోర్డ్, బ్యూక్ బండ్లు మాత్రం ఇక్కడే మిగిలాయి. వాటికి భాగాలు రావు, వాటిని పారేయడానికి మనసూ రాదు. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్, జీపులకు మహీంద్రా. కొత్త బండి కావాలంటే ఇంతే. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. ఉన్న కారును ఎలాగైనా నడుపుకోవడం తప్ప దారి లేదు.

క్యూబాలోనూ దాదాపు ఇదే జరిగింది. 1960 నుంచి అమెరికా విధించిన వాణిజ్య ఆంక్షలతో అక్కడి 1950ల నాటి షెవర్లేలకు అసలు భాగాలు ఆగిపోయాయి. సోవియట్ ఇంజన్లు, ట్రాక్టర్ భాగాలు, చేత్తో కొట్టిన రేకులతో హవానా మెకానిక్‌లు వాటిని నేటికీ నడుపుతున్నారు. అదీ చెరకు దేశమే కావడం కాకతాళీయమే అయినా ఆలోచింపజేస్తుంది. చక్కెర మిల్లు ఉన్నచోట లేత్ మిషన్ ఉంటుంది, లేత్ మిషన్ ఉన్నచోట పాత బండికి ఆయుష్షు ఉంటుంది.

అంబాసిడర్ విషయానికొస్తే, బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా 1958లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో పుట్టి, 2014 మేలో తయారీ ఆగేదాకా మూల నిర్మాణం పెద్దగా మారలేదు. ఈ మార్పులేనితనం ఇంజనీర్ల దృష్టిలో వెనుకబాటు కావచ్చు, మెకానిక్‌కు మాత్రం అదొక వరం. 1965 నాటి బండికి 1985 నాటి బండి నుంచి విప్పిన భాగాలు చాలా వరకు సర్దుకుంటాయి. తుక్కు దుకాణంలో పడి ఉన్న ఒక్క అంబాసిడర్ నాలుగైదు అంబాసిడర్లను బతికిస్తుంది.

దారిలో చేసే వైద్యం

నిజామాబాద్‌లో మే నెల ఎండ 44, 45 డిగ్రీలు తాకడం కొత్త కాదు. ఆ వేడిలో పాత కార్లకు వచ్చే జబ్బుల్లో వేపర్ లాక్‌కే మొదటి చోటు. మెకానికల్ పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. రోడ్డు వేడి, ఇంజన్ వేడి కలిసి పంపులోనూ పైపులోనూ పెట్రోలును ఆవిరి చేస్తాయి. ద్రవాన్ని తోడటానికి చేసిన పంపు ఆవిరిని తోడలేదు. కారు దగ్గి ఆగిపోతుంది. తడిగుడ్డ పంపు మీద వేసి, బానెట్ ఎత్తి, చెట్టు నీడన పావుగంట ఆగడమే మందు. ఆ తరం డ్రైవర్లు బండిలో ఒక గుడ్డ, ఒక నీళ్ల డబ్బా లేకుండా కదిలేవాళ్లు కాదు. అమెరికాలో 1950ల కార్ల యజమానులు పెట్రోలు పైపు పొడవునా చెక్క బట్టల క్లిప్పులు తగిలించేవారు. వాటివల్ల చల్లదనం పెద్దగా ఉండదు. తడిగుడ్డలో మాత్రం పాఠ్యపుస్తకపు భౌతికశాస్త్రం ఉంది: నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది.

రేడియేటర్ కారితే పసుపు. నిజామాబాద్ మార్కెట్ యార్డు దేశంలోని పెద్ద పసుపు విపణుల్లో ఒకటి. జాతీయ పసుపు బోర్డు కార్యాలయం కూడా 2025లో ఇక్కడే మొదలైంది. ఆర్మూరు వైపు పోయే దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా ఈ మందు దొరుకుతుంది. ఇంజన్ చల్లారాక మూత తీసి రెండు మూడు చెంచాల పొడి కలిపి మళ్లీ నడిపితే, ఆ నూక నీళ్లలో నాని ఉబ్బి, ఒత్తిడికి సూదిబెజ్జం వైపు కొట్టుకుపోయి అక్కడ ఇరుక్కుంటుంది. పాశ్చాత్య దేశాల్లో ఇదే పనికి మిరియాల పొడి, ఆవపిండి, గుడ్డు తెల్లసొన వాడారు. బెజ్జం మూసిన పొడే లోపలి సన్నని గొట్టాలనూ మూసేస్తుంది కాబట్టి ఊరు చేరగానే రేడియేటర్ విప్పి కడిగించాలి. పసుపు వేసి మరిచిపోయిన కారు మరుసటి వేసవికి మరుగుతుంది.

పెట్రోలు ట్యాంకు చెమరుస్తుంటే బట్టల సబ్బు గట్టిగా రుద్దుతారు. సబ్బు పెట్రోలులో కరగదు కనుక పగుల్లో మైనంలా నిలబడుతుంది, నీళ్లు తగిలితేనే వదులుతుంది. హోస్ పైపు పగిలితే సైకిల్ ట్యూబును పట్టీలుగా కోసి సాగదీసి చుడతారు. ఫ్యాన్ బెల్టు తెగితే తాడో, ట్యూబు ముక్కో మెలిపెట్టి కడతారు. అది ఊరి దాకా రావచ్చు, రాకపోవచ్చు. పద్మిని స్టీరింగ్ దగ్గరి గేరు కడ్డీ గిలక్కొడితే లింకుల్లోని రబ్బరు వాషర్లకు బదులు హవాయి చెప్పు ముక్కలు కోసి పెట్టడం దేశమంతటా తెలిసిన చిట్కా.

అన్నిటిలో నేర్పు కావాల్సింది ఇగ్నిషన్ పాయింట్ల పని. డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులు లాగి తీస్తే లోపల గోరంత సైజులో రెండు లోహపు ముఖాలు కనిపిస్తాయి. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అవి తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్‌లో హైవోల్టేజీ పుట్టి 1, 3, 4, 2 వరసలో ప్లగ్గులకు వెళ్తుంది. కాలక్రమంలో ఒక ముఖం మీద గుంట, రెండో దాని మీద బుడిపె తయారవుతాయి. సన్నని ఆకురాయి లేనప్పుడు అగ్గిపెట్టె గీత పక్కను మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే చాలు, మెరుపు వస్తుంది. తర్వాత గుడ్డతో తుడవాలి, లేకుంటే మసి మిగిలి కరెంటు అందదు. ఇక సందు. అంబాసిడర్ పెట్రోలు ఇంజన్‌కు అది 0.38 మిల్లీమీటరు. ఫీలర్ గేజ్ లేని డ్రైవర్ కాస్త మందపాటి అట్టముక్క మధ్యలో ఉంచి, అది బిగుతుగా కాకుండా, వదులుగా కాకుండా జారేలా స్క్రూ బిగిస్తాడు. సందు తగ్గితే పాయింట్లు కాలిపోతాయి, పెరిగితే వేగంలో మిస్ కొడుతుంది. పాయింట్లు నీలంగా మండుతూ కనిపిస్తే తప్పు కండెన్సర్‌ది. అప్పుడు పక్క బండి కండెన్సర్ ఏదైనా సరే, వైరు కలిపి బయటే కట్టేసినా కారు నడుస్తుంది.

బ్యాటరీ చచ్చినా ఈ కార్లకు దిక్కుంది. ముందు బంపర్ రంధ్రంలోంచి హ్యాండిల్ పెట్టి తిప్పవచ్చు. 1912లో క్యాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫు రాకముందు అన్ని కార్లకూ ఇదే గతి. బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచి, కింది నుంచి పైకి లాగాలన్నది మేస్త్రీ మొదటి రోజే చెప్పే పాఠం. ఇంజన్ వెనక్కి తన్నితే పట్టు దానంతటదే జారిపోవాలి. బొటనవేలు చుట్టేసి పట్టుకున్నవాళ్ల మణికట్లు విరిగిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

షెడ్డులో పని

రోడ్డు పక్కన చేసింది ప్రథమ చికిత్స. అసలు పని షెడ్డులో, లేత్ మిషన్ దగ్గర, రేడియేటర్ కొట్టులో, డెంటింగ్ చేసే రేకుల పాకలో జరుగుతుంది. ఈ నాలుగూ ఒకదానికొకటి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలన్నదే ఆటోనగర్ల ఆలోచన. విజయవాడ ఆటోనగర్ 1966లో మొదలైన తర్వాత తెలుగు పట్టణాలన్నీ ఆ బాట పట్టాయి, నిజామాబాద్ కూడా. ఇక్కడ దొరకని భాగం కోసం హైదరాబాద్ పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాలకు, గురువారం జుమ్మేరాత్ బజారుకు పోవడం పరిపాటి. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే మహారాష్ట్ర. అటువైపు నాందేడ్ కూడా దూరమేమీ కాదు.

డైనమో వెనక బుష్ కథ టర్నర్ పనిని బాగా చూపిస్తుంది. లూకాస్ నమూనా డైనమోలో కమ్యూటేటర్ వైపు షాఫ్టు తిరిగేది సచ్ఛిద్రమైన కంచు బుష్‌లో. ఆ లోహమే నూనెను పీల్చి దాచుకుంటుంది. బిగించే ముందు 24 గంటలు పల్చటి ఇంజన్ ఆయిల్లో నానబెట్టాలని తయారీదారే చెప్పాడు. అది అరిగి షాఫ్టు ఊగితే బ్రష్‌లు మండి చార్జింగ్ పోతుంది. కొత్త బుష్ దొరకకపోతే టర్నర్ రాగి, తగరం, కొద్దిగా జింకు కలిసిన గన్ మెటల్ కడ్డీ తీసుకుంటాడు. బయటి కొలత కొంచెం ఎక్కువ ఉంచి, లోపలి కొలత షాఫ్టుకు సన్నని నూనె పొర పట్టేంత ఎక్కువ ఉంచి తిప్పి, వైస్‌లో పెట్టి నొక్కి ఎక్కిస్తాడు. గన్ మెటల్ గట్టిదే, నునుపైనదే, కానీ నూనె దాచుకోదు. తెలిసిన టర్నర్ అందుకే లోపల సన్నని గాడి తీసి, పైన చిన్న రంధ్రం వేసి, నెలకోసారి రెండు చుక్కలు వేయమని చెప్పి పంపుతాడు. ఆ మాట విన్న యజమాని డైనమో ఏళ్లు నడుస్తుంది. ఇది తాత్కాలిక అతుకు కాదు. అసలు భాగం గుణాన్నీ, దాని లోటునూ అర్థం చేసుకుని చేసిన ఇంకో రూపకల్పన.

ఇత్తడి రేడియేటర్ కొట్టులో సీసం, తగరం కలిపిన మాటు, నవాసాగరం, కట్టెబొగ్గు కుంపటి ఉంటాయి. పై ట్యాంకు మాటు కరిగించి ఊడదీసి, బల్లపరుపు కడ్డీతో ఒక్కో గొట్టంలోని సున్నపు పొరను తోస్తారు. పనికిరాని గొట్టాన్ని రెండు చివర్లా మాటుతో మూసేస్తారు. ఒకటి రెండు మూస్తే ఫరవాలేదు, అంతకు మించితే చల్లదనం తగ్గుతుంది. బోరు నీళ్లు పోసిన బండ్లకు ఈ బాధ త్వరగా వస్తుంది.

రేకు పని మరో ప్రపంచం. కాళ్ల కింది ఫ్లోరు తుప్పుపట్టి రోడ్డు కనిపిస్తే నూనె డబ్బాల రేకు కోసి గ్యాస్ వెల్డింగ్‌తో అతికి, పైన తారు పూస్తారు. బయటి గుంటలను సుత్తి, ఇనుప దిమ్మెలతో సరిచేసి, లప్పం పెట్టి, నీళ్ల కాగితంతో రుద్ది డ్యూకో పెయింటు కొడతారు. రేకు లేని చోట లప్పంతోనే ఆకారం పోసిన బండ్లూ ఉన్నాయి. అది రెండు వానాకాలాలు దాటదు. కమాన్ పట్టీ విరిగితే జీపు పట్టీ కోసి చేర్చడం, టైరు చిరిగితే లోపల గేటర్ వేయడం, అరిగితే రీట్రెడింగ్ చేయించడం నిన్నమొన్నటి దాకా రోజువారీ పనులు.

మడ్డి, ఆల్కహాల్, చక్కెర

చెరకు రసంలోంచి చక్కెర పలుకులు తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవం మొలాసిస్, అంటే చెరకు మడ్డి. చెరకు బరువులో సుమారు 4, 5 శాతం ఇదే. ప్రపంచవ్యాప్తంగా పాత కార్లను పునరుద్ధరించేవాళ్లకు ఇది తుప్పు వదిలించే మందు. ఒక పాలు మడ్డి, తొమ్మిది పాళ్ల నీళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి, తుప్పుపట్టిన ఇనుప భాగాన్ని ముంచి ఒకటి నుంచి మూడు, నాలుగు వారాలు వదిలేస్తారు. మడ్డిలోని కొన్ని సేంద్రియ పదార్థాలు తుప్పులోని ఇనుమును పట్టుకుని ద్రావణంలోకి లాగేస్తాయి, మంచి ఇనుమును దాదాపు ముట్టుకోవు. ఆమ్లంలా దూకుడు లేదు, విషవాయువులు లేవు. వాసన మాత్రం భరించాలి. ద్రావణం పులిసి పైన బూజు కడుతుంది. అల్యూమినియం, జింకు మిశ్రమ లోహాలను ఇది తినేస్తుంది కాబట్టి కార్బురేటర్‌ను పొరపాటున కూడా ముంచకూడదు. తీసిన వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె పూయకపోతే గంటల్లో కొత్త తుప్పు వస్తుంది. ఆస్ట్రేలియాలో, అమెరికాలో దీన్ని పశువుల దాణా దుకాణంలో కొంటారు. మన దగ్గర సారాకు ముడిసరుకు కావడం వల్ల మొలాసిస్ ఎక్సైజ్ శాఖ నియంత్రణలోని సరుకు. లారీలకొద్దీ మడ్డి కదిలిన ఊళ్లోనే పాత కారు ప్రేమికుడికి ఒక డబ్బా దొరకడం తేలిక కాదు.

మడ్డి నుంచే ఆల్కహాల్ వస్తుంది. పెట్రోలులో దాన్ని కలపడం కొత్త ఆలోచన కాదు. భారత పవర్ ఆల్కహాల్ చట్టం 1948లోనే వచ్చింది. బ్రెజిల్ 1975 నుంచి చెరకు ఇథనాల్‌తో కార్లు నడుపుతోంది. మన దేశంలో మిశ్రమం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. చెరకు రైతుకు ఇది మేలే. పాత కారుకు మాత్రం కొత్త జబ్బు తెచ్చింది. 1960ల నాటి పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు, కార్క్ ప్యాకింగులు ఇథనాల్‌ను తట్టుకునేలా తయారైనవి కావు. అవి ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పగుళ్లిస్తాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలబెట్టిన కారు ట్యాంకు అడుగున నీళ్లు చేరి తుప్పు పడుతుంది. ట్యాంకు గోడల మీద దశాబ్దాలుగా పేరుకున్న జిగురును కరిగించి కార్బురేటర్ జెట్లలోకి తెస్తుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉండటంతో మిశ్రమం పల్చబడి ఇంజన్ వేడెక్కుతుంది. అందుకని పంపు డయాఫ్రమ్, పైపులు ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చడం, మెయిన్ జెట్ ఒక సైజు పెంచడం, ఎక్కువకాలం నిలబెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయడం ఇప్పుడు తప్పనిసరి జాగ్రత్తలు.

పెట్రోలు ట్యాంకులో చక్కెర పోస్తే ఇంజన్ పాకంపట్టి బిగుసుకుపోతుందన్న నమ్మకం మాత్రం నిజం కాదు. చక్కెర పెట్రోలులో కరగదు. 1994లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీ ఆచార్యుడు జాన్ థార్న్‌టన్ పరీక్షించి, 15 గ్యాలన్లలో ఒక చెంచా కన్నా తక్కువే కలుస్తుందని తేల్చాడు. అడుగున పేరుకుని ఫిల్టర్‌ను మూసేయడమే అది చేసే నష్టం.

గీత ఎక్కడ

నాటు మరమ్మతును మొత్తంగా మెచ్చుకోవడం పొరపాటు. బ్రేకుల్లో కంపెనీ ఆయిల్ లేదని ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు కప్పులు ఉబ్బి చక్రాలు పట్టేస్తాయి, లేదా బ్రేకే పడదు. ఫ్యూజు పోయిందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడితే కాలాల్సిన ఫ్యూజు కాలదు, వైర్లు కాలతాయి. ఆ కాలపు బ్రిటిష్ నమూనా కార్లలో మొత్తం వైరింగ్‌కు రెండే ఫ్యూజులుండటంతో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఖాళీ పెట్రోలు ట్యాంకును కడగకుండా వెల్డింగ్ చేయడం, వంట గ్యాస్ సిలిండర్‌ను డిక్కీలో పెట్టి నడపడం ప్రాణాలు తీసే పనులు. వాహనాల్లో ఎల్పీజీ వాడకానికి 2000 నాటి చట్ట సవరణ అనుమతించింది గానీ ఆమోదం పొందిన కిట్, ట్యాంకులకే. బ్రేకు, స్టీరింగ్, ఇంధనం: ఈ మూడింటి జోలికి జుగాడు పోకూడదు.

ఇంజన్ మార్పిడి సంగతి అంత సూటిగా లేదు. డీజిల్ చౌకగా ఉన్న రోజుల్లో పెట్రోలు జీపులకు, అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించడం టాక్సీవాళ్లకు బతుకుతెరువు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన వివరాలను మార్చడాన్ని కట్టడి చేస్తుంది. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. 2021 వింటేజ్ నిబంధనలు ఇంకా కఠినం. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పు లేకుండా మొదటి రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము రూ.20,000, పునః రిజిస్ట్రేషన్‌కు రూ.5,000. నంబరులో వీఏ అక్షరాలుంటాయి, చెల్లుబాటు పదేళ్లు. రోజువారీ ప్రయాణానికి వాడకూడదు.

ఈ నిబంధన చౌమహల్లా రోల్స్ రాయిస్‌కు సరిపోతుంది. విడిభాగాల కరువులో నలభై ఏళ్లు టాక్సీగా తిరిగిన అంబాసిడర్‌కు సరిపోదు. దాని మీద ఉన్న ప్రతి అతుకూ దాని చరిత్రే. ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ చార్టర్ ఈ విషయంలో ఎక్కువ వివేకం చూపింది. వాహనం తన జీవితకాలంలో పొందిన మార్పులకూ విలువ ఉంటుందని, కొత్తగా చేసే పనిని నమోదు చేయాలని, అవసరమైతే వెనక్కి తీయగలిగేలా ఉండాలని అది కోరుతుంది. మంచి మేస్త్రీలు చార్టర్ చదవకుండానే ఇందులో సగం పాటిస్తారు. విప్పిన పాత భాగాన్ని సంచిలో కట్టి యజమానికే తిరిగి ఇస్తారు. సైకిల్ ట్యూబు పట్టీని విప్పేయవచ్చు, గన్ మెటల్ బుష్‌ను నొక్కి తీసేయవచ్చు. కోసేసిన చాసిస్‌ను మాత్రం తిరిగి తేలేం. జుగాడులో మంచీచెడ్డల తేడా అక్కడే తెలుస్తుంది.

సొంత చేతిపనికి ఇంకో కొస హైదరాబాద్ బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం. కె.సుధాకర్ తుక్కు సామానుతో, పాత ఇంజన్లతో బూటు, కెమెరా, క్రికెట్ బ్యాటు ఆకారాల్లో నడిచే కార్లు కట్టి 2010లో దాన్ని తెరిచారు. అక్కడివి మరమ్మతులు కావు, కొత్త సృష్టి. కానీ రేకు కొట్టే విద్య అదే.

ఇప్పుడు

నిజాం షుగర్స్‌లో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అంబాసిడర్ తయారీ ఆగింది అంతకు ముందు ఏడాదే. ఫ్యాక్టరీ వర్క్‌షాపు ఆగిపోతే దానితోపాటు చిన్న వయసులో చేరి టర్నింగ్, ఫిట్టింగ్ నేర్చుకునే దారీ మూసుకుపోతుంది. పాత కార్లకు ఇది విడిభాగాల కరువు కన్నా పెద్ద దెబ్బ. భాగం లేకపోతే చేసుకోవచ్చు, చేసే చేయి లేకపోతే ఏమీ లేదు. కొత్త కార్లలో పాయింట్లు లేవు, కార్బురేటర్ లేదు. జబ్బు చెప్పేది స్కానర్, మందు కంపెనీ డబ్బాలో వస్తుంది. ఆ కార్ల మీద పని నేర్చిన కుర్రవాడికి 0.38 మిల్లీమీటరు సందు చూపించేవాళ్లు తగ్గిపోతున్నారు.

అందరిలోకీ జీపు పరిస్థితి మెరుగు. విల్లీస్ నమూనాను మహీంద్రా దశాబ్దాల పాటు చిన్న మార్పులతో కొనసాగించడం వల్ల గేర్లు, యాక్సిళ్లు, కమాన్ పట్టీలు, బాడీ రేకులు ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. అంబాసిడర్‌కు ఇంజన్ భాగాలు, బ్రేకు సామాను దొరుకుతాయి. తలుపుల రబ్బర్లు, క్రోమ్ పట్టీలు, మీటర్లు వెతుక్కోవాలి. 2001 ప్రాంతంలో తయారీ ఆగిన పద్మినికి బొంబాయి టాక్సీల పుణ్యమా అని కొంతకాలం సామాను విరివిగా ఉండేది, ఆ టాక్సీలు తప్పుకోవడంతో అదీ పలచబడింది. స్టాండర్డ్ హెరాల్డ్ యజమాని మాత్రం నేటికీ టర్నర్ దగ్గరికే పోవాలి, నమూనా ముక్క చేత్తో పట్టుకుని.